బిందెల పాయ

కొల్లేట్లో ఏ మూలనుంచైనా సరే, దోసెడు నీళ్ళు తెచ్చి నా నోట్లో పొయ్యండి. కళ్ళకు గంతలు కట్టినా ఫరవాలేదు. ఇవి తమ్మిలేటివి, ఇవి బుడమేటివి, ఇవి రామిలేటివి, ఇవి సముద్రం పోటెక్కి ఉప్పుటేట్లోంచి వెనక్కి ఎగదన్నిన నీళ్ళు అని పుక్కిలించి ఉమ్మేలోపు చెప్పేస్తాను. తొమ్మిదేళ్ళ వయసులోనే చెప్పేవాణ్ణి. మా తుంగలంకలో నన్ను నీళ్ళ పంతులు అనేవారు. లంకలో పెళ్ళయినా పదకొండో రోజయినా వంట మొదలుపెట్టే ముందు మొదటి బిందె నా దగ్గరికి రావలసిందే. నేను తల ఊపితేనే గాడిపొయ్యి వెలిగేది.

ఈ మాటలు తాడేపల్లిగూడెంలో మా వీధి అరుగుల మీద ఎన్నేళ్ళనుంచి చెబుతున్నానో లెక్కలేదు. బడిలో పాఠం చెప్పినన్నాళ్ళూ పిల్లలకు చెప్పాను, రిటైరయ్యాక రైసుమిల్లు గుమస్తాలకు చెప్పాను, చివరికి నిరుడు ఇక్కడి చిన్న పత్రిక ఒకదానిలో అచ్చు వేయించాను. నోటితో చెప్పినంతకాలం ఎవరికీ నష్టం లేకపోయింది. చిక్కు అచ్చయ్యాకే వచ్చింది. అచ్చులో ఉన్నదాన్ని నమ్మే మనుషులు ఇంకా కొందరున్నారు. అలాంటి ఒకమ్మాయి మాఘమాసంలో ఒక పొద్దున, చేతిలో చుట్టిన పటంతో మా గుమ్మంలోకి వచ్చింది.

పేరు శిరీష. ఇంజనీరు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొన్నిచోట్ల తెగ్గొట్టి, ఏటి నీళ్ళు సరస్సులోకి వచ్చే పాత దారులు మళ్ళీ తెరవాలని ఒక పని జరుగుతోంది. ఏ దారి ఎక్కడుండేదో ఆ పటంలో గీసుకుంటూ వస్తున్నారు. రుజువున్నచోట గట్టు తెగుతుంది, లేనిచోట గట్టు గట్టుగానే ఉంటుంది. పటం బల్లమీద పరిచింది. మిగతా లంకల ముందు నీలం గీతలున్నాయి. తుంగలంక ముందు కాగితం తెల్లగా ఉంది.

"మీ వ్యాసంలో బిందెల పాయ అని రాశారు కదండీ. పాతపటాల్లో అది లేదండి. అది ఎక్కడుండేదో మీరేమైనా చెప్పగలరేమోనని వచ్చానండి" అంది.

మా ఆవిడ కాఫీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మొదలుపెడితే ఎంతసేపు పడుతుందో ఆవిడకు తెలుసు.

అమ్మాయికి చెప్పిందీ చెప్పనిదీ కలిపి ఇక్కడ రాస్తాను. తుంగలంకలో మా అమ్మ నాన్నకు, అంటే తాతయ్యకు, ఒక కొట్టు ఉండేది. ఆ లంకకంతటికీ అదొక్కటే కొట్టు. మా నాన్నది ఊళ్ళు మారే ఉద్యోగం కావడంవల్ల అక్కయ్య వరలక్ష్మినీ నన్నూ కొన్నేళ్ళు అక్కడే ఉంచారు. దిబ్బమీద మట్టిగోడల ఇల్లు, పైన కిక్కిస గడ్డి కప్పు. ముందు గది కొట్టు, వెనక గది సంసారం. ముందు గదిలో కిరసనాయిలు, బెల్లం, పొగాకు కలిసిన వాసన, వెనక గదిలో అమ్మమ్మ ఇంగువ వాసన, ఈ రెంటిమీదుగా ఊరంతటి ఎండుచేపల వాసన. మా ఇంట్లో చేప వండరు. ఊరి వాసన ఇంట్లోకి రాకుండా అమ్మమ్మ పడమటి కిటికీకి తుంగచాప కట్టేది. ఆ చాప పక్కకు తప్పించి, కిటికీ దూకి, పక్కింటి యేసుపాదం వాళ్ళ దగ్గర నేను బొమ్మిడాయిల పులుసు తిన్న సంగతి ఆవిడకు పోయేదాకా తెలియదు. తెలియదనే అనుకుంటున్నాను. ఇంటికి రాగానే ఆవిడ నాకు మాత్రం రెండుసార్లు చెయ్యి కడుక్కోమని ఎందుకు చెప్పేదో ఇప్పుడాలోచిస్తే అనుమానంగానే ఉంది.

తాతయ్య అరచేతుల గురించి చెప్పాలి. మేం లంకకు రాకముందెప్పుడో కొట్లో దీపం ఒలికి కిరసనాయిలు డబ్బా అంటుకుందట. తడిగోనె దొరికేలోపు ఆయన వట్టి చేతులతోనే మంట కొట్టేశాడు. ఆ పుళ్ళు మానాక అరచేతుల్లో గీతలనేవి లేకుండా పోయాయి. నున్నగా, మెరుస్తూ, చెప్పుతోలులాగా ఉండేవి. పొయ్యిమీద మరుగుతున్న పాలగిన్నె గుడ్డ లేకుండా దింపేవాడు. అది చూపించడానికి నేను యేసుపాదాన్నీ మిగతా పిల్లల్నీ పోగుచేసి తీసుకొచ్చేవాణ్ణి. మా తాతయ్యకు నిప్పు అంటదు అనేవాణ్ణి. ఆయన కూడా కాదనేవాడు కాదు. గిన్నె దింపి, మా అందరివంకా ఒకసారి చూసి, ఏమీ ఎరగనట్టు పంచెకు చేతులు తుడుచుకునేవాడు. గొప్పలు చెప్పడం నాకెక్కడినుంచి వచ్చిందని మా ఆవిడ అడుగుతూ ఉంటుంది. ఎక్కడినుంచో కాదు.

ఎండాకాలం వస్తే లంకకు కష్టకాలం. ఏర్లలో నీళ్ళు సన్నగిల్లుతాయి, ఉప్పుటేట్లోంచి ఉప్పునీళ్ళు పైకి ఎగబాకుతాయి, చుట్టూ కనుచూపు మేర నీళ్ళే ఉండి తాగడానికి గుక్క ఉండదు. అయితే తమ్మిలేటి నుంచి చీలిన సన్నపాయ ఒకటి సరస్సు అడుగున మా లంక ముందునుంచే పోయేది. దానికి గట్లు లేవు, పైకి కనబడదు. నీళ్ళకింద నీళ్ళదారి. ఎంత ఎండల్లోనైనా అందులో కాస్త తీపి నీరు సాగుతూనే ఉండేది. లంకలో బిందెలన్నీ నిండేది అక్కడే కాబట్టి దాన్ని బిందెల పాయ అన్నారు. పెద్దగాలి వీచిన మర్నాడు తుంగా గుర్రపుడెక్కా జరిగిపోయి నిన్నటి చోటు ఇవాళ గుర్తుండేది కాదు. రోజూ పొద్దున్నే కొత్తగా వెతుక్కోవలసిందే.

ఆ వెతికే పని మా ఇంటిది. తెలతెలవారుతుండగా ముగ్గురం తాటిదోనె ఎక్కేవాళ్ళం. ముందు చెంబు పట్టుకుని నేను, మధ్యలో బిందెలతో తాతయ్య, వెనక పరికిణీ ఎగదోపుకుని వెదురు గెడతో దోనె నెడుతూ అక్కయ్య. అక్కయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మా వెనకాల మిగతా దోనెలు, వాటినిండా ఆడవాళ్ళూ బిందెలూ. ఒకచోట దోనె ఆగేది. తాతయ్య దోసెట్లోకి నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, ఇటూ అటూ తిప్పి, ఎడమవైపుకు ఉమ్మేవాడు. తర్వాత నావంక తిరిగి "నువ్వు చెప్పరా పంతులూ" అనేవాడు. నేను చెంబు ముంచి, ఆయనలాగే కళ్ళు మూసుకుని, ఆయనకంటే ఇంకాస్త ఎక్కువసేపు తిప్పి "తీపి తాతయ్యా" అనేవాణ్ణి. "తీపేనంటమ్మా, ముంచుకోండి" అని ఆయన వెనక దోనెలవాళ్ళకు కేకవేసేవాడు. ఇంటికి తెచ్చాక అమ్మమ్మ ఆ నీళ్ళు పాతచీర మడతలోంచి వడకట్టి, కాగు లోపల ఇండుపగింజ అరగదీసేది. గింజ రాసిన కాసేపటికి మట్టంతా అడుక్కి దిగేది. ఆ గింజ కాగుకు రాసుకునే చప్పుడుతోనే మా ఇంట్లో పొద్దు మొదలయ్యేది.

ఇప్పుడు ఒప్పుకుంటాను. నాకు తెలిసిన రుచులు రెండే, ఉప్పగా ఉండటం, ఉప్పగా లేకపోవడం. అది ఎవరికైనా తెలుస్తుంది, గేదెకు కూడా తెలుస్తుంది. తమ్మిలేరూ బుడమేరూ నోట్లో తేడా తెలియడం అబద్ధం. పెళ్ళిళ్ళకు మొదటి బిందె నా దగ్గరికి రావడం ఒకే ఒక్కసారి జరిగింది, అదీ నేను దారికి అడ్డంగా కూర్చుంటే. అసలు సంగతి ఇంకోటుంది. దోనె ఆగిన చోటల్లా నీళ్ళు తియ్యగానే ఉండేవి. దోనె ఎందుకు ఆగుతోందో నేనెప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఒకసారి అక్కయ్యకు జ్వరం తగిలింది. ఆ పొద్దున గెడ తాతయ్యే వేశాడు. చాలాసేపు తిరిగాం. ఒకచోట గుర్రపుడెక్క చుట్టుకుని దోనె ఆగిపోయింది. అలవాటుగా ఆయన పుక్కిలించాడు, అలవాటుగా నేను తీపి అన్నాను. నిద్రమత్తుకు నాలిక మొద్దుబారిందో, ఆగితే తీపి అనడం అలవాటైపోయిందో. లంకంతా ముంచుకుంది. ఆ రోజు అమ్మమ్మ పెసరపప్పు ఉప్పెయ్యకుండానే ఉప్పుకషాయమైంది. తాతయ్య కిక్కురుమనకుండా గ్లాసెడు నీళ్ళూ తాగి లేచాడు. వీధిలో ఆడవాళ్ళు బిందెలు పారబోస్తున్న చప్పుడు కొట్లోకి వినబడుతూనే ఉంది. అక్కయ్యను వరం అని పిలిచే అమ్మమ్మ మాత్రం ఒకటే మాట అంది. "రేపు వరం లేస్తుందేమో చూద్దాం లెండి." మర్నాడు అక్కయ్య కంబళి కప్పుకుని వచ్చింది. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. నాకు అప్పుడైనా అర్థం కావలసింది. అర్థం చేసుకుంటే పంతులుగిరీ పోతుంది, అందుకని చేసుకోలేదు.

శిరీషగారికి జ్వరం సంగతి చెప్పలేదు. అక్కయ్య సంగతే చెప్పలేదు. రుచి, రుచి, రుచి అని గంటన్నర చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా రాసుకుంది. "అయితే ఉప్పు తేడా చూస్తే దొరుకుతుందన్నమాటండి" అంది. "దొరక్క ఎక్కడికి పోతుందండీ" అన్నాను.

వారం పాటు చెరువుల్లోనూ లంక ముందు మిగిలిన మడుగులోనూ వాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టి ఉప్పు కొలిచారు. ఎక్కడ ముంచినా ఒకటే అంకె. ఎందుకు రాదు? గట్లు వేసినప్పట్నుంచీ ఆ నీళ్ళన్నీ కాలువవీ, బోరువీ, వానవీ కలిసిపోయి నిలవున్నాయి. పాయలో పారేది ఏమీ లేదు, పారనిదాన్ని నాలికేం పడుతుంది? అమ్మాయి ఫోను చేసింది. "ఆనవాలు దొరకలేదని రాయాల్సి వస్తోందండి. సోమవారం ఫైలు పైకి వెళ్ళిపోతుందండి. ఏమీ అనుకోకండి సార్." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

మర్నాడు యేసుపాదం ఫోను. చిన్నప్పుడు ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళం. నేను మాస్టరునయ్యాక అతను 'అండీ' మొదలెట్టాడు, ఎంత చెప్పినా మానడు. తుంగలంకలో సగం మంది రొయ్యల షెడ్లలో పనులకు ఏలూరు, భీమవరం వెళ్ళిపోయారు. యేసుపాదం, అతని కొడుకులు ఇంకా ఆ మడుగునే నమ్ముకుని వలలు వేస్తున్నారు. ఏడాదికేడాది మడుగు కుంచించుకుపోతోంది.

"మాస్టారూ, మీ నాలిక మా కొంప ముంచిందండి" అన్నాడు.

"అదేంటి యేసూ."

"అదేనండి. పాయ లేదని రాసేస్తున్నారంట. పై లంకకి గట్టు తెగుద్దంట, కింద లంకకి తెగుద్దంట, మనకి తెగదంట. ఈ మడుక్కి రెండేళ్ళండి, అంతే. తర్వాత ఇక్కడ గేదెలు మేపుకోవాలి. ఎవరిని అడిగారమ్మా అంటే మిమ్మల్నంట. మిమ్మల్నెందుకడిగారండీ బాబూ, మీ అక్కయ్యగారు వరాలమ్మగారు ఉండగా?"

ఫోను పెట్టేశాక మా ఆవిడ తెచ్చిన మంచినీళ్ళు కూడా తాగాలనిపించలేదు. నా గొప్పలవల్ల ఇన్నేళ్ళలో ఎవరికీ దమ్మిడీ నష్టం లేదనుకున్నాను. ఇప్పుడు నేను కల్పించిన రుచివల్ల నిజంగా ఉన్న పాయ లేకుండా పోతోంది. తాతయ్య నమ్ముకున్న పాయ, లంకంతా బతికిన పాయ. సోమవారానికి నాలుగు రోజులుంది. చాలాసేపు గదిలో తిరిగాను. అహంకారం చంపుకోవడం నాలాంటివాడికి ఎంత కష్టమో పాఠకులు గమనించాలి. చంపుకున్నాను. ఏలూరు ఫోను చేసి, "అక్కయ్యా, నావల్ల తప్పు జరిగింది, నువ్వు రావాలి" అన్నాను.

శనివారం పొద్దున గట్టుమీద కలిశాం. అక్కయ్యకు ఎనభై దగ్గరపడ్డాయి, మోకాళ్ళు పనిచెయ్యవు. చేపలకు మేత వేసే ఇనుప పడవలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాం. యేసుపాదం గెడ పట్టుకున్నాడు. శిరీషగారు పటం పట్టుకుంది. నేను నా అలవాటుకొద్దీ ముందు కూర్చున్నాను.

"రుచీ లేదు గిచీ లేదమ్మాయ్" అంది అక్కయ్య. "కొల్లేటి అడుగంతా నల్లబురద. గెడ దించితే మూరెడు లోపలికి పోతుంది, చప్పుడుండదు, తీసేటప్పుడు పీకుతుంది. పాయ ఉన్నచోట తమ్మిలేటి ఇసక. గెడ దిగదు. గరగరమని అరచేతిలోకి వస్తుంది. అంతే. యేసూ, గెడ ఇటియ్యి."

గెడ దించింది. "బురద" అంది. పడవ కొంచెం జరిగింది. "బురద." ఇంకొంచెం. "బురదే." అలా ఎన్నిసార్లో. శిరీషగారు నావంక చూడకుండా పటంవంకే చూస్తోంది. గట్టుమీద కాపలావాళ్ళు నవ్వుకుంటున్నారు. నాకు ఎండ తగలకముందే చెమటలు పట్టాయి. ఇసుకమీద ఇన్నేళ్ళ బురద పేరుకుపోయి ఉంటే ఏం చేస్తాం అని అప్పుడే తట్టింది. అక్కయ్య తొందరపడలేదు. గెడ దించడం, కళ్ళు దించుకుని వినడం, తియ్యడం.

ఒకచోట ఆగింది. గెడను కొంచెం లేపి మళ్ళీ పొడిచింది. పైన జానెడు మెత్తగా దిగి, కింద ఆగిపోయింది. అక్కయ్య గెడ నా చేతికిచ్చింది.

"ఇప్పుడు చెప్పరా పంతులూ."

అన్నేళ్ళు ఆ దోనెలో తిరిగి నేనెప్పుడూ గెడ పట్టుకోలేదు. కింద గరుకుగా ఏదో కదిలింది. ఆ గరగర వెదురులోంచి పైకి పాకి అరచేతిలోకి, మణికట్టులోకి వచ్చింది. నాకు నోటమాట రాలేదు. మా వీధివాళ్ళెవరూ నమ్మరు, అయినా రాలేదు. నా దగ్గర్నుంచి గెడ తీసుకుని శిరీషగారు తనూ పొడిచి చూసింది. తర్వాత వెనక పడవలో వచ్చిన ఆవిడ మనుషులు పైపు దించి పైకి లాగారు. ముందు వెన్నలాంటి నల్లబురద, దానికింద పసుపచ్చని ఏటి ఇసుక, అందులో గోరంత తెల్లని నత్తగుల్లలు. అమ్మాయి ఆ ఇసుకను చేతిలో పోసుకుని వేళ్ళతో నలుపుతూ ఉండిపోయింది.

అక్కణ్ణుంచి పని చకచకా సాగింది. దొరికినచోటల్లా ఎర్రగుడ్డ కట్టిన వెదురుముక్క పాతారు. మధ్యాహ్నానికి ఆ ఎర్రగుడ్డలు వంకర్లు తిరుగుతూ గట్టుదాకా వెళ్ళాయి. గట్టు దాటి అవతలి చెరువులోనూ అదే వరసలో ఇసుక తగిలింది. అక్కయ్య కుర్చీలో కూర్చునే మజ్జిగన్నం తిన్నది. అప్పుడడిగాను, మరి తాతయ్య అంత తతంగం ఎందుకు చేసేవాడని.

"ఆయన అరచేతులకు తెలిసేది కాదురా. కాలిన చేతులు కదా. ఆ గరగర ఆయనకు అందేది కాదు. కొట్టు పెట్టిన కొత్తలో పాయ వెతికింది ఆయనే. చేతులు కాలాక రెండేళ్ళు తంటాలు పడి, ఆ తర్వాత నాకు నేర్పాడు. లంకకంతా ఒక ఆడపిల్ల నీళ్ళు వెతుకుతోందంటే ఎవరైనా ఏమైనా అంటారని పుక్కిలించడం మొదలెట్టాడు. నిన్ను ముందు కూర్చోబెట్టింది కూడా అందుకే."

వేడి పాలగిన్నె గుర్తొచ్చింది. నిప్పు అంటదని నేను ఊరంతా పిలిచి చూపించిన చేతులవి. ఆ గొప్ప వెనక ఆయనకు పోయింది ఏమిటో నాకు డెబ్భై ఆరో ఏట తెలిసింది.

ఫైలు సోమవారమే వెళ్ళింది, వేరే మాటలతో. ఎండాకాలంలో గట్టు తెగింది. తొలకరి వానలకు యేసుపాదం ఫోను చేసి, దాన్ని నీళ్ళవైపు తిప్పి పెట్టాడు. ఎంతసేపు విన్నానో తెలియదు. కాఫీ చల్లారిపోయింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. మొన్న వెళ్ళి చూశాను. మడుగు లంక మెట్లదాకా వచ్చింది. పాయ వెంబడి గూడబాతులు బారులు తీరాయి. యేసుపాదం కొడుకు బుట్టలో బొమ్మిడాయిలు చూపించాడు, ఈసారి కిటికీ దూకనక్కరలేకుండా తిన్నాను.

అప్పటికీ ఇప్పటికీ లెక్కేస్తే పోయినవే ఎక్కువ. కొట్టు దిబ్బమీద ఇప్పుడు సెల్ టవరుంది. తాటిదోనె ఒక్కటీ లేదు. ఇండుపగింజ అంటే తుంగలంకలో పిల్లలకు తెలియదు, ఆటోలో నీళ్ళ డబ్బాలు వస్తాయి. రావడమే మంచిది. చెరువుల్లో వాడే మందులన్నీ కలిసే ఆ నీళ్ళు దోసెడు తాగమంటే నేనూ తాగను, ఈ వ్యాసం మొదట్లో ఎంత ధీమాగా రాసినా సరే. కానీ పటంలో తుంగలంక ముందు ఇప్పుడు నీలం గీత ఉంది. దానిపక్కన చిన్న అక్షరాలతో బిందెల పాయ అని రాసి ఉంది. ఆ పేరు నేను చెప్పిందే కాబట్టి నా వంతు కూడా కొంత ఉందని అనుకుంటూ, ఇంతవరకు రాసి, నిన్న ఏలూరు వెళ్ళి అక్కయ్యకు చదివి వినిపించాను.

కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విన్నది. పప్పు సంగతికి నవ్వింది. తాతయ్య చేతుల దగ్గర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బాగుందంటుందని చూశాను.

"నువ్వు నాకు ఫోను చెయ్యలేదు" అంది. "యేసుపాదం చేశాడు. గట్టుమీద నన్ను చూసి 'నువ్వెందుకొచ్చావక్కయ్యా, ఎండ' అన్నావు. అది కూడా రాయి."